చక్రం దగ్గర జానెడు పైపు

వెనక డ్రమ్ములు పీకించి డిస్కులు వేయించుకుంటే బండి చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ డిస్కును పట్టి ఆపేది పైపులో నడిచే ఆయిల్. మెరిసే డిస్కు మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఆ పైపు మీద పెట్టకపోతే, చేయించిన పనంతా ప్రాణం మీదికి తెస్తుంది.

నిజామాబాద్ నుంచి మాక్లూర్ మీదుగా నందిపేట వైపు పోయే రోడ్డు కోతల కాలంలో సగం రోడ్డు, సగం కల్లం. ఒక ఊరి ముందు వడ్లు ఆరబోసి ఉంటాయి, ఇంకో ఊరు దాటితే మక్కలు, ఆర్మూర్ దిక్కు మళ్లితే ఎర్రజొన్నలు. బండ్లు ఎక్కకుండా అంచున వరసగా రాళ్లు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937 నాటి చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరుకు బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఉన్న చెరుకు దూరపు ఫ్యాక్టరీలకు ట్రాక్టర్ల మీద పోతుంది. ట్రాలీ వెనక లైటు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రాత్రిపూట దాని వెనకాల రాలిన చెరుకాకు మీద కారు నడపాలి.

ఇలాంటి చోట గట్టిగా బ్రేకు కొట్టాల్సి వచ్చినప్పుడు ఏ చక్రాలు ముందు బిగుసుకుంటాయన్నది చాలా పెద్ద విషయం. ముందు చక్రాలు బిగుసుకుంటే బండి తిన్నగా జారుతుంది. వెనకవి ముందే బిగుసుకుంటే మక్కల మీద, ఇసుక మీద బండి వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది, ఇక స్టీరింగ్ ఎటు తిప్పినా లాభం ఉండదు. అందుకే వెనక బ్రేకు మార్చడమంటే అలాయ్ చక్రాలు మార్చినంత తేలికైన పని కాదు.

అయినా మార్పించుకునేవాళ్లు ఉన్నారు. అలాయ్ చక్రం సందుల్లోంచి తుప్పు రంగు డ్రమ్ము కనబడటం నచ్చనివాళ్లు కొందరు. వాన నీళ్లలోంచి, గోదావరి బ్యాక్‌వాటర్ పక్క ఊళ్ల బురదలోంచి బండి తీసినప్పుడు డ్రమ్ములోకి నీళ్లు పోయి బ్రేకు సరిగ్గా పట్టలేదని విసిగినవాళ్లు ఇంకొందరు. ఖరీదైన మోడల్‌కు నాలుగు డిస్కులు ఉన్నాయి కదా, మన బండికి ఎందుకు ఉండకూడదన్న మాట కూడా న్యాయమైనదే. గల్ఫ్ వలసల్లో ముందుండే జిల్లా ఇది. దుబాయ్, సౌదీ గ్యారేజీల్లో పని నేర్చి వచ్చినవాళ్లకు ఈ పని కొత్త కాదు. సామాను హైదరాబాద్ పుత్లీబౌలిలోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో దొరుకుతుంది. డిస్కు, దాన్ని పట్టే క్యాలిపర్, అందులోని ప్యాడ్లు ఒక సంచిలో వచ్చేస్తాయి. పైపు మాత్రం ఆ సంచిలో రాదు. దాన్ని ఇక్కడే, ఈ బండికే, చేత్తో చేయాలి.

బరువంతా ముందుకే

బ్రేకు వేసినప్పుడు సీట్లో మనం ముందుకు తూలినట్టే బండి బరువు కూడా ముందు చక్రాల మీదికి ఒరుగుతుంది. ఆపే పనిలో మూడింట రెండొంతులకు పైగా ముందు బ్రేకులే చేస్తాయి. వెనకవాటికి మిగిలేది తక్కువ. చిన్న కార్లకు కంపెనీలు ఇన్నేళ్లుగా వెనక డ్రమ్ములే ఉంచడానికి ఖర్చు ఒక కారణమైతే ఇది ఇంకో కారణం. డ్రమ్ములో హ్యాండ్ బ్రేకు అమర్చడమూ సులువు. 2020లో వచ్చిన ఫోక్స్‌వాగన్ ఎలక్ట్రిక్ కారు ఐడీ.3కి సైతం వెనక డ్రమ్ములే పెట్టారు. మోటారే చాలా వరకు బండిని నెమ్మదింపజేస్తుంది, వాడకం తగ్గిన డిస్కు తుప్పు పడుతుంది, మూసి ఉన్న డ్రమ్ముకు ఆ బాధ తక్కువ.

చరిత్రలో రెండూ ఒక వయసువే. ఫ్రాన్స్‌లో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును, ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకు పేటెంటును ముందుకు తెచ్చింది 1902లోనే. డ్రమ్ము వెంటనే బండ్లకెక్కింది. డిస్కు పేరు మోగడానికి 1953 లమాన్ పందెంలో డన్‌లప్ డిస్కులతో జాగ్వార్ గెలిచేదాకా ఆగాల్సి వచ్చింది. ఈ రెంటి మధ్య వచ్చిన అసలు మలుపు మాత్రం ఆయిల్. అమెరికాలో మాల్కమ్ లాక్‌హీడ్ ద్రవంతో నడిచే బ్రేకుకు 1917లో పేటెంటు తీసుకున్నాడు. 1921 నాటికి డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ అది వచ్చింది. కడ్డీలు, తీగలు పోయి సన్నటి గొట్టం వచ్చింది. మనం ఈరోజు పెడల్ మీద పాదం పెట్టి నిశ్చింతగా ఉండటం ఆ గొట్టం పుణ్యమే.

డ్రమ్ము బ్రేకులో తిరిగే డ్రమ్మే లోపలి ఒక షూను తనవైపు లాక్కుంటుంది. దాంతో కొద్ది ఒత్తిడితోనే పట్టు వస్తుంది. అందుకే చిన్న కార్లలో షూలను తోసే వీల్ సిలిండర్ 17 నుంచి 19 మిల్లీమీటర్లు ఉంటే సరిపోతుంది. డిస్కుకు ఆ లాక్కునే గుణం లేదు. క్యాలిపర్ పిస్టన్ 30 మిల్లీమీటర్లు దాటి ఉండాలి. వైశాల్యం లెక్క వేస్తే దాదాపు మూడింతలు. అదే మాస్టర్ సిలిండర్, అదే పెడల్ ఉంచి చివర పెద్ద పిస్టన్ పెడితే పెడల్ లోతుకు పోయే అవకాశం ఉంది. వెనక్కి పోయే ఒత్తిడిని తగ్గించే వాల్వును కంపెనీ డ్రమ్ముకు సరిపోయేలా పెట్టింది, డిస్కుకు కాదు. కొన్ని పాత బండ్లలో డ్రమ్ముల కోసం పైపులో కొంచెం ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచే వాల్వు కూడా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే ప్యాడ్లు డిస్కును రాస్తూనే ఉంటాయి, పది కిలోమీటర్లు పోయేసరికి చక్రం కాలిపోతుంటుంది. ఈ లెక్కలు చూడకుండా నేరుగా పానా పట్టే చోట బండి ఇవ్వొద్దని నా గట్టి మాట.

క్యాలిపర్ కదులుతుంది, పైపు కదలదు

ఇక పైపు సంగతి. పాత డ్రమ్ము దగ్గర బండి కింద పడుకుని చూస్తే ఆయిల్ దారి ఇలా కనబడుతుంది. ఇంజన్ దగ్గరి మాస్టర్ సిలిండర్ నుంచి బాడీ కింద వెంట సన్నటి ఇనుప పైపు వస్తుంది. బాడీ నుంచి వెనక యాక్సిల్‌కు దిగేచోట రబ్బరు హోస్ ఉంటుంది, ఎందుకంటే అక్కడ స్ప్రింగు మీద యాక్సిల్ పైకీ కిందికీ ఊగుతుంది. యాక్సిల్ మీద మళ్లీ ఇనుప పైపు మొదలై, డ్రమ్ము వెనక ప్లేటుకు బిగించిన వీల్ సిలిండర్‌లోకి నేరుగా పోతుంది. వీల్ సిలిండర్ కదలదు కాబట్టి ఇనుప పైపు దానిలోకి పోవడంలో తప్పేమీ లేదు.

డిస్కు పెట్టాక ఆ చివరి అడుగులోనే అంతా మారిపోతుంది. మామూలు కార్లలో వాడే క్యాలిపర్ రెండు పిన్నుల మీద జరిగే రకం. పెడల్ తొక్కిన ప్రతిసారీ వెంట్రుకవాసి జరుగుతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ ఏడాదిలో కొన్ని మిల్లీమీటర్లు లోపలికి వచ్చేస్తుంది. పాత ఇనుప పైపునే కొంచెం వంచి, దాని నట్టును క్యాలిపర్‌కు బిగిస్తే ఆ రోజుకు బ్రేకు పడుతుంది, బాగానే పడుతుంది. లోపల మాత్రం తొక్కిన ప్రతిసారీ ఆ పైపు వంగుతూ లేస్తూ ఉంటుంది. ఇనుము అలా వేల సార్లు వంగితే నట్టు అంచు దగ్గర వెంట్రుకంత పగులు పుడుతుంది. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు పైపులో చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు దాటే ఒత్తిడి ఉంటుంది. ఆ పగులు తెరుచుకునేది సరిగ్గా అప్పుడే. అంటే బ్రేకు అన్నిటికన్నా అవసరమైన క్షణంలో.

కాబట్టి యాక్సిల్ మీద ఇనుప పైపు ముగిసేచోట ఒక బ్రాకెట్ వెల్డింగ్ చేయాలి లేదా బోల్టు వేయాలి. దానికి పైపు చివర బిగించి, క్లిప్పు కొట్టి, అక్కడి నుంచి క్యాలిపర్‌కు జానెడు హోస్ వేయాలి. ఈ కథనమంతా ఆ జానెడు హోస్ గురించే. బ్రాకెట్ లేకుండా హోస్‌ను గాలిలో వదిలేయడం, తీగతో కట్టడం, కంపెనీ పెట్టిన బాడీ హోస్‌నే లాగి క్యాలిపర్ దాకా సాగదీయడం, ఈ మూడూ నేరం లాంటివి.

హోస్ ఎంత పొడవుండాలో టేపు పెట్టి కొలిస్తే తెలియదు. బండిని జాకీ మీద లేపి చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి ఒకసారి, యాక్సిల్ కింద జాకీ పెట్టి పైకి ఎత్తి ఇంకోసారి చూడాలి. వేలాడినప్పుడు బిగుసుకోకూడదు, పైకి లేచినప్పుడు టైరుకు గానీ సైలెన్సర్ పైపుకు గానీ హ్యాండ్ బ్రేకు కేబుల్‌కు గానీ తగలకూడదు. మంచి హోస్‌ల మీద పొడవునా ఒక గీత ముద్రించి ఉంటుంది. బిగించాక ఆ గీత తిన్నగా ఉంటే హోస్ మెలి తిరగలేదని అర్థం. గీత మెలికలు తిరిగి ఉంటే విప్పి మళ్లీ బిగించాల్సిందే. క్యాలిపర్ దగ్గర మధ్యలో బెజ్జం ఉన్న బాంజో బోల్టు వస్తే దానికి రెండు పక్కలా రాగి వాషర్లు పడతాయి, రెండూ కొత్తవే పడాలి. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి ఆయిల్ ఆపుతుందన్న భరోసా లేదు. రెండు వాషర్ల ఖరీదు ఒక చాయ్ డబ్బులకు మించదు.

మూతి మడత

కొత్త పైపు ముక్క వేయాల్సి వచ్చినప్పుడు చేతిపనితనం తెలిసేది దాని మూతి దగ్గరే. సాధారణ కార్లలో పైపు 4.75 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, అంగుళంలో పదహారింట మూడొంతులు. దాన్ని ఆకురంపంతో కోయకూడదు, రంపపు పొట్టు లోపల పడుతుంది. చుట్టూ తిప్పే చిన్న కట్టర్‌తో కొద్దికొద్దిగా బిగిస్తూ కోయాలి. తర్వాత లోపలి అంచును గీకి నునుపు చేయాలి. మూతి చేసేముందే నట్టును పైపుకు ఎక్కించాలి. ఉస్తాద్ పక్కన పని నేర్చే పిల్లలు మొదట నేర్చేది ఇదే, ఎందుకంటే మూతి విచ్చుకున్నాక నట్టు ఎక్కదు.

అప్పుడు పైపును పట్టీలో బిగిస్తారు. పట్టీ పైకి ఎంత పొడుచుకు రావాలో చెప్పేది టూల్‌తో వచ్చే చిన్న బిళ్ల, దాని అంచు ఎత్తే కొలత. ఆ బిళ్ల ముక్కును పైపులోకి దించి స్క్రూ తిప్పితే మూతి ముందు గుబ్బలా ఉబ్బుతుంది. బిళ్ల తీసేసి కోను దించి మళ్లీ తిప్పితే ఆ ఉబ్బిన గోడ లోపలికి మడతపడి, రెండు పొరల గరాటు తయారవుతుంది, దర్జీ గుడ్డ అంచును లోపలికి మడిచి కుట్టినట్టు. వాలు 45 డిగ్రీలు. వేలుకొసతో తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు, మూతి ఒక పక్కకు ఒరిగి ఉండకూడదు. బిళ్ల వాడకుండా ఒక్క పొరతోనే గరాటు చేస్తే అప్పటికి చూడ్డానికి అలాగే ఉంటుంది. నట్టు బిగించినప్పుడు ఆ ఒంటి పొర చీలుతుంది. ఆ చీలిక నట్టు లోపల దాక్కుంటుంది కాబట్టి పైనుంచి ఎంత చూసినా కనబడదు.

ఇందులో ఒక మోసపు చోటు ఉంది. మెకానిక్‌లు కూడా ఇక్కడ పొరబడతారు కాబట్టి వివరంగా చెప్పాలి. జపాన్ పద్ధతిలో తయారైన మన మారుతీ కార్ల బ్రేక్ పైపు నట్టుకు 10 మిల్లీమీటర్ల మర, ఒక మిల్లీమీటర్ పిచ్. ఐరోపా పద్ధతి కార్ల నట్టుకూ అదే మర, అదే పిచ్. ఒకదాని నట్టు ఇంకోదానిలోకి హాయిగా ఎక్కుతుంది. మూతులు మాత్రం వేరు. జపాన్ మూతి ఇందాక చెప్పిన రెండు పొరల గరాటు, ఐరోపా మూతి విచ్చుకోని గుబ్బ. మారుతీకి సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఐరోపా కారు క్యాలిపర్ పెట్టి, పాత మూతినే అందులోకి బిగిస్తే మర పట్టింది కదా అని సంతోషిస్తాం. గట్టిగా బిగిస్తే ఆయిల్ కూడా ఆగినట్టే ఉంటుంది. కొన్ని రోజులకు మెల్లగా చెమరుస్తుంది. క్యాలిపర్‌కు, హోస్‌కు, పైపుకు మూడింటికీ గూళ్లు కుదిరాయో లేదో టార్చి లైటు వేసి లోపలికి చూసి, దానికి తగ్గ మూతి చేయడమే దీనికి ఉన్న ఒకే ఒక్క దారి.

ఇంకో ఆశ రాగి పైపు. ఫ్రిజ్, ఏసీ మెకానిక్ దగ్గర ఇంత లావుదే రాగి పైపు దొరుకుతుంది, చేత్తో వంగుతుంది, మూతి చక్కగా వస్తుంది, తుప్పు పట్టదు. కానీ వట్టి రాగి బలం తక్కువ. బండి అదురుకు రోజురోజుకూ గట్టిపడి పెళుసవుతుంది, చివరికి విరుగుతుంది. బ్రేకుకు దాన్ని వాడకూడదు. రాగిలో పదో వంతు నికెల్ కలిపిన పైపు వేరు, అది బ్రేకు కోసమే చేసింది. వోల్వో కంపెనీ 1970ల నుంచే దాన్ని తన కార్లకు వేసింది. దొరికితే అదే తీసుకోవాలి, లేకుంటే కంపెనీవాళ్లు వేసే రెండు పొరల ఇనుప పైపు. మధ్యలో తెగిన పైపును నీళ్ల పైపు జాయింట్ లాంటి రింగు ఫిట్టింగ్‌తో అతికించడం కూడా ఒప్పుకోకూడదు. బ్రేకులో అతుకు పడాల్సి వస్తే రెండు మూతులూ మడిచి, వాటికోసం చేసిన జాయింట్‌తోనే పడాలి.

కొట్టు, పట్టు, ఇడువు

పైపులు బిగించాక లోపలి గాలి తీయాలి. ద్రవం నలగదు కాబట్టి పాదం బలం చక్రం దాకా పోతుంది. గాలి నలుగుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. మన షెడ్లలో దీనికి ఇద్దరు కావాలి. సీట్లో కూర్చున్న పిల్లవాడు పెడల్ తొక్కుతుంటాడు. కింద పడుకున్న ఉస్తాద్ “కొట్టు, కొట్టు” అంటాడు. “పట్టు” అనగానే పిల్లవాడు పాదం అలాగే ఒత్తి పట్టాలి, ఉస్తాద్ క్యాలిపర్ మీది గాలి తీసే నిప్పల్ అరచుట్టు విప్పుతాడు. నిప్పల్‌కు తగిలించిన సన్నటి గొట్టం సీసాలోని ఆయిల్‌లో మునిగి ఉంటుంది, అందులోంచి బుడగలు వస్తాయి. నిప్పల్ మూశాకే “ఇడువు”. ఈ చివరి మాట తొందరపడి ముందే వినబడితే బయటి గాలి లోపలికి పోయి పని మళ్లీ మొదటికి వస్తుంది. బుడగ రాని స్వచ్ఛమైన ధార వచ్చేదాకా ఇదే.

ఎన్నిసార్లు తీసినా పెడల్ గట్టిపడకపోతే క్యాలిపర్ల వైపు చూడాలి. ఎడమ చక్రానిది కుడికి, కుడిది ఎడమకు బిగిస్తే నిప్పల్ కిందికి వస్తుంది. గాలి పైకి చేరే స్వభావం ఉన్నది, కింద నిప్పల్ ఎంతసేపు తిప్పినా పైన ఇరుక్కున్న బుడగ రాదు. నిప్పల్ ఎప్పుడూ క్యాలిపర్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోట ఉండాలి.

షెడ్డులో బ్రేక్ ఆయిల్ అని పిలిచేది గ్లైకాల్ ద్రవం. గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ గీత 140కి దిగొచ్చు. డాట్ 4 అయితే 230, తేమ పడితే 155. ఆయిల్ మరిగితే ఆవిరి పుట్టి, పైపులో గాలి ఉన్నట్టే పెడల్ నేలకు పోతుంది. అందుకని మూత తీసి నెలలుగా అరలో ఉన్న డబ్బాలోది పోయనివ్వకండి. సామానును పెట్రోలు, డీజిల్‌తో కడగనివ్వకండి, రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఇంజన్ ఆయిల్ చుక్క పడినా అదే గతి.

హ్యాండ్ బ్రేకు మర్చిపోయే చోట్లూ ఉన్నాయి. కేబుల్ తగిలించే లివర్ లేని క్యాలిపర్ కొని తెచ్చి, ఫుట్ బ్రేకు బాగానే ఉంది కదా అని వదిలేస్తారు. చెరువు కట్ట మీదో ప్రాజెక్టు వాలు మీదో బండి ఆపినప్పుడు గేరు ఒక్కటే దిక్కవుతుంది. లివర్ ఉన్న క్యాలిపర్ లేకుండా ఈ పని మొదలే పెట్టకూడదు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీ వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కంపెనీ తయారు చేసిన తీరుకు భిన్నంగా మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. బ్రేకు మార్చేముందు రవాణా శాఖ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడిగి, వాళ్లిచ్చే జవాబు కాగితం మీద తీసుకోవడం మేలు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఆ బండ్లలో వెనక ఒత్తిడిని కంప్యూటరే లెక్కగట్టి పంపుతుంది, ఆ లెక్క డ్రమ్ముకు వేసింది. ఏబీఎస్ బండిలో వెనక డిస్కులు వేయించుకోవడాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. పాత బండి అయినా, కొత్త లైనర్లు వేసి, డ్రమ్మును లేత్ మీద సాపు చేయించి, వీల్ సిలిండర్ మార్చితే చాలామందికి ఇబ్బంది అక్కడే తీరిపోతుంది. ఖర్చు కూడా అందులో ఎన్నో వంతు.

అన్నీ చూసుకుని చేయించుకున్నవాళ్లు బండి తెచ్చుకునేముందు ఒక పని చేయాలి. ఇంజన్ ఆన్ చేసి పెడల్‌ను బలమంతా పెట్టి ఒక నిమిషం ఒత్తి పట్టాలి. పెడల్ మెల్లగా దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. ఇంకొకరు పొడి కాగితంతో ప్రతి నట్టునూ, బాంజో బోల్టునూ, నిప్పల్‌నూ తుడవాలి. కాగితం మీద మరక రాకూడదు. తర్వాత మనుషులు, పశువులు లేని చోట నెమ్మదిగా మొదలుపెట్టి, వేగం కొద్దికొద్దిగా పెంచుతూ బ్రేకు కొట్టి చూడాలి. ఏబీఎస్ లేని బండిలో ముందు చక్రాలే ముందు బిగుసుకోవాలి. వెనకవి ముందు బిగుసుకుంటే బండి అక్కడి నుంచే షెడ్డుకు వెనక్కి పోవాలి, ఊళ్లోకి కాదు.

మొదటి వారం రోజులు పొద్దున బండి తీసేముందు వెనక చక్రాల లోపలి వైపు, టైరు పక్కన, నేల మీద చూడండి. ఆయిల్ డబ్బాలో మట్టం గీత దగ్గరే ఉందా చూడండి. వారం తర్వాత బండి లేపించి, హోస్ టైరుకు రాసుకున్న గుర్తు ఎక్కడైనా ఉందేమో, క్లిప్పులు వదులయ్యాయేమో చూపించండి. తడి కనిపిస్తే, షెడ్డు ఇంటికి నాలుగు అడుగుల దూరంలోనే ఉన్నా, బండి తోలుకుపోవద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలవండి.